ఏ కార్డును ఉంచుకొందుము?

ధ్యానభాగములు: 2 రాజులు 4:1–7, రోమా 13:8

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు విశ్వాసులలో పలువురియొద్ద నేడు మూడు నాలుగు క్రెడిట్ కార్డులున్నవి. పెట్రోలునకు ఒకటి, రైలు టిక్కెట్లకు ఒకటి, పండుగ కొనుగోళ్లకు వేరొకటి. వీటిలో దేనిని ఉంచుకొనవలెను, దేనిని విడిచిపెట్టవలెను? ఇది లెక్కల ప్రశ్నవలె కనబడును గాని నిజముగా మనస్సాక్షి ప్రశ్న.

ఈ కార్డు మనకు క్రొత్తది కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టెను. క్రెడిట్ అను మాటకు మూలమైన లాటిను క్రియకు నమ్ముట అని అర్థము. విశ్వాసప్రమాణమునకు ఆంగ్లములోగల క్రీడ్ అను పేరు కూడ ఆ క్రియనుండియే పుట్టెను. తెలుగులో దీనిని పరపతి అందుము. కాబట్టి ప్రతి కార్డు వెనుక మనమిచ్చిన ఒక మాట యున్నది: కొన్నదానికి గడువులోగా వెల చెల్లింతుమని.

అట్లయిన అప్పు చేయుటయే పాపమా? కాదు. అప్పు కోరి వచ్చినవానిని ఆదరింపవలెనని ప్రభువే బోధించెను (మత్తయి 5:42). రోమా పత్రికలో మన తెలుగు బైబిలు వాడిన ‘అచ్చియుండుట’ అను పాత మాట గమనింపదగినది. గ్రీకు మూలమందలి క్రియ వర్తమానకాలపు ఆజ్ఞ. బాకీలో నిలిచిపోవద్దు అను భావమునకు అది చోటిచ్చుచున్నది. ప్రమాదము అప్పులో ప్రవేశించుటకంటె అందులో కాపురముండుటయందే యెక్కువ.

కార్డు బిల్లుపై అచ్చువేయు ‘కనీస చెల్లింపు’ ఆ కాపురమునకు పిలుపు. ఒకడు 50,000 రూపాయలు బాకీపడి, నెలకు 3.5 శాతము వడ్డీపై 2,500 చెల్లించెననుకొనుడి. వడ్డీ 1,750, దానిపై 18 శాతము పన్ను 315. అసలులో తగ్గునది 435 రూపాయలు మాత్రమే. అంతేకాక, బాకీ మిగిలియున్నంతకాలము క్రొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడ పోవును.

దీనికి చట్టము హద్దు పెట్టదా? నిర్ణీత దినమున చెల్లింపలేనివారియొద్ద సాలుకు 30 శాతమునకు మించి వడ్డీ తీసికొనుట అన్యాయమైన వ్యాపారపద్ధతియని 2008లో ఢిల్లీయందలి జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పెను. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. ఉభయులు అంగీకరించిన ఒప్పందమును తిరిగి వ్రాయుట కమిషన్ పని కాదనెను. కనుక హద్దును ఏర్పరచుకొనవలసిన భారము కార్డు పట్టినవానిపైననే యున్నది.

‘నేను ప్రతి నెల పూర్తిగా చెల్లించుచున్నాను, బహుమానపు పాయింట్లు కూడ పొందుచున్నాను’ అని ఒక సహోదరుడు చెప్పవచ్చును. అది మంచి గృహనిర్వాహకత్వమే. అయినను బ్యాంకుల ఆదాయములో కొంత వర్తకుల రుసుము, కొంత బాకీ తీర్చలేనివారి వడ్డీ. కాబట్టి ఆ లాభమును గూర్చి అతిశయపడుట తగదు. తనకు వచ్చు కానుక నిమిత్తము, సంఘములోని బలహీనుడైన యౌవనస్థునిచేత కార్డు తీయించుట అంతకంటె తగదు.

మరి ఎంపిక ఎట్లు? ప్రతి కార్డును చేతపట్టుకొని మూడు ప్రశ్నలు వేసికొందము. దీనిపై చేసిన ఖర్చును నెలనెలా పూర్తిగా తీర్చుచున్నానా? ఇది నా అవసరమును తీర్చుచున్నదా, లేక క్రొత్త అవసరములను పుట్టించుచున్నదా? దీని బిల్లును నా ఇంటివారికి చూపగలనా? మూడింటికిని అవునని చెప్పగలిగినదానిని ఉంచుకొనవచ్చును. అట్టివి రెండున్నయెడల పాతదానిని ఉంచుకొనుట వివేకము. గృహఋణమిచ్చువారు మన చెల్లింపుల చరిత్రను చూతురు. ఒక కార్డు బాకీని తీర్చుటకు మరియొక కార్డును, ఇంటివారికి తెలియకుండ దాచిన కార్డును మాత్రము విడిచిపెట్టవలెను. కత్తిరించి పారవేసినంతమాత్రమున ఖాతా ముగియదు. బాకీ తీర్చి కోరినయెడల, 2022 రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము 7 పనిదినములలో బ్యాంకు దానిని మూసివేయవలెను. ఆలస్యమైన దినమునకు 500 రూపాయల చొప్పున మనకే చెల్లింపవలెను.

ఇప్పటికే మునిగియున్నవారి మాటేమి? ఎలీషా ఆ విధవరాలిని గద్దింపలేదు. ఆమె యింటిలో మిగిలియున్నదేమని విచారించెను. నూనె అమ్మి మొదట అప్పు తీర్చుమనెను, మిగిలినదానితో బ్రదుకుమనెను. ఈ వరుసను మనము తలక్రిందులు చేయుచున్నాము. మరియు ఇరుగుపొరుగువారు వట్టి పాత్రలు ఎరవియ్యకపోయినయెడల నూనె దేనిలో పోయబడియుండును? అప్పులో చిక్కిన సహోదరుడు సిగ్గుపడి ఆరాధనకు రాక మానినప్పుడు అతని ఇంటి తలుపు తట్టుట, అతనితో కూర్చుండి లెక్క చూచుట సంఘము ఎరవియ్యదగిన పాత్ర.

మన అవునును అవునుగా నిలుపుకొను బలమును, చిక్కినవారిని విడిపించు కనికరమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక.