కరెంటు పెట్టండి సార్

కాలానికి తగ్గట్టు మారాలంటారు. క్లినిక్ నడిపేవాడికైతే ఈ మాట మరీ ఎక్కువగా చెబుతారు. పేషెంటుకు ఏం కావాలో కనిపెట్టు, నువ్వు మారు, నీ స్టాఫ్‌ని మార్చు, అదే నాయకత్వం అంటారు. ఈ మాట నాకు చాలాకాలంగా మింగుడు పడటం లేదు. మారడం కష్టమని కాదు. నరసరావుపేటలో ఫిజియోథెరపీ క్లినిక్ నడిపేవాడికి మారడమంత తేలికైన పని ఇంకోటి లేదు. పేషెంటు నొప్పి ఉన్నచోట మిషనుతో కరెంటు పెట్టమంటాడు, పెడతాం. ఎముకల డాక్టరు చీటీ మీద ‘ఐఎఫ్‌టీ, పది రోజులు’ అని రాసి పంపుతాడు, ఐఎఫ్‌టీ అంటే ఆ కరెంటే, పది రోజులూ పెడతాం. ఎదురు సందులోకి లేజర్ మిషను వచ్చిందని తెలిస్తే మనమూ వాయిదాల మీద ఒకటి తెచ్చుకుంటాం. ఇంత సులువుగా ఒంటబట్టేదాన్ని గొప్ప గుణమని ఎలా ఒప్పుకోను? సర్దుకోవడం ఎక్కడ ఆగిందో, లొంగిపోవడం ఎక్కడ మొదలైందో, ఆ పని చేస్తున్నవాడికి తెలుస్తుందా?

మోకాళ్ల అరుగుదలే తీసుకుందాం. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామందిది అదే బాధ. గుజ్జు అరిగిపోయిందంటూ ఎక్స్‌రే పట్టుకుని వస్తారు. బ్రిటన్‌లో ఏ వైద్యం ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇందులో నాన్చలేదు. వ్యాయామం అందరికీ నేర్పమన్నాయి. టెన్స్ అనే ఇంకో రకం కరెంటు, ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ ఇవ్వొద్దన్నాయి, పనిచేస్తాయనడానికి తగినంత ఆధారం లేదు కాబట్టి. నడుం నొప్పి విషయంలో 2016లోనే ఆ సంస్థ ఇలాంటి మాటే చెప్పింది, నడుం లాగే ట్రాక్షన్‌ని కూడా ఆ జాబితాలో చేర్చి. మా క్లినిక్కులో సగం చోటు ఆక్రమించింది ఇవే. పేషెంటు డబ్బు కట్టేదీ వీటికే. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కిందికి అదిమి పది లెక్కపెట్టమని చెబితే, “ఇది ఇంట్లో చేసుకోవచ్చుగా, దీనికి డబ్బులేంటి?” అంటారు. ఇంట్లో చేసుకోవాలనే కదా చెప్పింది!

మా వృత్తిలో మార్పు గురించి ఎవరు మాట్లాడినా మెకెంజీ కథ ఎత్తుతారు. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ క్లినిక్కుకి నడుం నొప్పి కాల్లోకి లాగుతున్న పేషెంటు ఒకాయన వచ్చాడు. లోపలికెళ్లి బోర్లా పడుకోమంటే, అంతకుముందు ఇంకొకరి కోసం తలవైపు ఎత్తి ఉంచిన బల్లమీద అలాగే పడుకున్నాడు. నడుం వెనక్కి విరుచుకుపోయింది. ఆ రోజుల లెక్కలో అది చెయ్యకూడని పని. కాసేపటికి మెకెంజీ వచ్చి చూస్తే కాలినొప్పి పోయిందన్నాడు. ఆ పొరపాటులోంచి ఒక వైద్య పద్ధతే పుట్టింది. చూశారా, మారడమంటే ఇదీ అంటారు. నాకు ఈ కథ వేరేగా వినపడుతుంది. మెకెంజీ పేషెంటు కోరికకు తలొగ్గలేదు, పేషెంటు ఒళ్లు చెప్పిన మాట విన్నాడు. అందుకు తను చదువుకున్నదాన్ని కాస్త పక్కన పెట్టాడు. నేను కరెంటు పెట్టేటప్పుడు పక్కన పెడుతున్నదీ చదువుకున్నదాన్నే. అయితే ఆయన ఎందుకోసం పెట్టాడు, నేను ఎందుకోసం పెడుతున్నాను?

మా దగ్గర ఒక అమ్మాయి పనిచేస్తోంది. నాలుగున్నరేళ్లు ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ చదివి నేరుగా ఇక్కడే చేరింది. ఒకరోజు పొద్దున రొంపిచర్ల వైపు నుంచి పెద్దావిడ ఒకామె వచ్చింది. ఇంకా కూర్చోనైనా లేదు, “అమ్మాయ్, కరెంటు పెట్టమ్మా, పన్నెండు గంటల బస్సుకి పోవాల” అంది.

“అమ్మమ్మా, నీకు కరెంటు అక్కర్లేదు. కాళ్లకి బలం రావాలి” అంది మా అమ్మాయి.

పెద్దావిడ నావైపు తిరిగింది. “డబ్బులిస్తా కదయ్యా సారూ. పోయినసారి ఇంకోచోట పెట్టారు. చీమలు పాకినట్టుంటే ప్రాణం ఎంత సుఖంగా ఉందో.”

అమ్మాయి నావైపు చూసింది. నేను మిషను వైపు చూశాను. అంతే, మాటలేమీ లేవు. స్పాంజీలు తడిపి, మోకాలికి అటూ ఇటూ ప్యాడ్లు పెట్టి, పట్టీ బిగించి, నాబ్ తిప్పింది. మామూలుగా ఆ తర్వాత ఇంకో బెడ్డు దగ్గరికి వెళ్లిపోతాం. తను స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది.

“గేదెలున్నాయా అమ్మమ్మా?”

“రెండు. ఒకటి చూడిది.”

“పాలు తీసి ఎట్లా లేస్తావు?”

“దాని నడ్డి మీద చెయ్యేసి లేస్తా. దానికలవాటే.”

“గొంతుక్కూచోకుండా ఎత్తు పీటేసుకోరాదూ?”

“పీటేస్తే అది చేపదే అమ్మా!”

అమ్మాయి కాసేపు ఆలోచించింది. “అయితే ముందు నాలుగువేళ్ల పీట వెయ్యి. గేదె అలవాటు పడ్డాక ఇంకాస్త ఎత్తుది” అంది. ఆ మాటల్లోనే ప్యాడ్లు లేని కాలి కింద తువ్వాలు పెట్టి అదమడం నేర్పేసింది. బెల్లు మోగి మిషను ఆగింది గానీ ఆవిడ మాటలు ఆగలేదు. బెడ్డు మీంచి దించాక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎలా లేవాలో కూడా చూపించి పంపింది.

సాయంత్రం దాకా నాకు భలే సంతోషంగా ఉంది. ఇదే కదా మారడం అంటే అనుకున్నాను. ఆవిడ కోరిందీ ఇచ్చాం, ఆవిడకు కావలసిందీ ఇచ్చాం. రాత్రి షట్టరు దించేటప్పుడు అనుమానం మళ్లీ తగులుకుంది. నొప్పి తగ్గితే ఆవిడ ఆ పేరు కరెంటుకే ఇస్తుంది, కాకపోతే సారు హస్తవాసికి. పీటకు ఇవ్వదు. ఈసారి ఇంకో ఊళ్లో ఇంకో కరెంటుకు డబ్బు కడుతుంది. మేం అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆవిడకు దక్కిన సుఖం నిజం. సుఖం నిజమైనప్పుడు, అది దేనివల్ల వచ్చిందో చెప్పకుండా ఊరుకోవడం మోసమవుతుందా? కాదనడానికి నోరు రాదు. అవునంటే రేపు పొద్దున షట్టరు ఎత్తలేను.

ఒక పరీక్ష పెట్టుకుని చూశాను. ఏ మార్పు వల్ల నా జేబు నిండిందో అది లొంగుబాటు, ఏ మార్పు వల్ల నాకు నష్టమొచ్చిందో అది సర్దుబాటు. వినడానికి బాగానే ఉంది గానీ నిలవలేదు. 2020 లాక్‌డౌన్‌లో పేషెంట్లు ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించుకుని నాకు కనపడేలా వ్యాయామం చేశారు. ప్యాడ్లు లేవు, వ్యాక్స్ లేదు, వచ్చిన డబ్బులు అంతంతమాత్రం. నా పరీక్ష ప్రకారం నేను ఉత్తమంగా ఉన్న రోజులవే. షట్టరు ఎత్తగానే మళ్లీ మిషన్ల దగ్గరికే వచ్చాం. అద్దె, వాయిదాలు, జీతాలు. లాక్‌డౌన్‌లో నన్ను మార్చింది పోలీసు కర్ర, తర్వాత మార్చింది బ్యాంకు. ఇందులో నేనెక్కడున్నాను? పైగా నష్టపోతేనే నిజాయితీ అంటే, దాని అద్దె ఇంకెవరో కట్టాలి.

ఆ తేడా నాకు లోపలినుంచి కనపడదనే ఇప్పుడు అనుకుంటున్నాను. చెప్పగలిగినవాళ్లు బయటివాళ్లే. పేషెంటు చెప్పలేడు, నొప్పితో ఉన్నాడు. చీటీ రాసిన డాక్టరు చెప్పడు. మిగిలింది ఆ అమ్మాయి. తను చెప్పింది కూడా, నావైపు చూసిన ఆ చూపుతో. నేను మిషను వైపు చూశాక తను చేసిందల్లా, నా నిర్ణయంలోంచి ఎంత మేలు పిండవచ్చో అంతా పిండడం. పెద్దవాడు లొంగిపోయినచోట చిన్నవాళ్లు తమ తెలివితో అడ్డం పడితే, ఆ మొత్తానికీ నాయకత్వమని పేరు పెట్టి పెద్దవాడి ఖాతాలో వేస్తారు.

తత్వంగా మొదలైన ఈ గోల జీతాల దగ్గరికొచ్చి తేలుతుందనుకోలేదు. ఆ అమ్మాయి విదేశం వెళ్లడానికి ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. నాకు కాదని చెప్పగలిగిన మనిషిని ఉంచుకోవాలంటే జీతం పెంచాలి. పెంచితే మొహమాటం మొదలవుతుంది, మొహమాటం భయంకన్నా గట్టిగా నోరు కడుతుంది. కాబట్టి జీతంతో పాటు ఇంకోటి కూడా ఇవ్వాలి. ఎవరికి మిషను పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో రాసే పుస్తకం తన చేతికివ్వాలి, నేను అటు చూసినా ఇటు చూసినా తన మాటే చెల్లేలా. వచ్చే నెల నుంచి ఇస్తాను. కొందరు పేషెంట్లు ఎదురు సందుకి పోతారు. ఎంతమంది పోయాక ఆ పుస్తకం తన చేతిలోంచి లాక్కుంటానో, అక్కడే ఉంది నేను వెతుకుతున్న గీత.