ఖాళీ దినాల లెక్క



పరలోకమందున్న తండ్రి మంచివారు, చెడ్డవారు అనే భేదం చూడక అందరికీ ఎండనూ వాననూ ఇస్తాడని ప్రభువు నేర్పారు (మత్త 5:45). ఈ వారం ఆ సూర్యుని గురించే కొంచెం ధ్యానిద్దాం.

మిరుగు దాటినా చినుకు పడకపోతే, పత్తి గింజలు పెట్టిన బోథ్ రైతు మనసు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. 1876లో వానలు లేక మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరవు వచ్చింది. రాయలసీమ తెలుగువారు ఆ కరవుకు ఎందరో బలియైపోయారు. సూర్యునిలో వచ్చే మార్పులకూ వానలకూ సంబంధం ఉందా అని నాటి శాస్త్రజ్ఞులు ఆలోచించారు. ఆ ఆలోచన ఫలితంగానే తమిళనాడు కొండలలో కొడైకెనాల్ సౌర పరిశోధనశాల వెలిసింది. అక్కడ 1904 నుంచి, మబ్బు అడ్డురాని రోజులలో, సూర్యుని ఫోటో తీస్తూ వచ్చారు.

ఒక్క ఫోటో చూస్తే నాలుగు నల్లమచ్చలు కనబడతాయి, అంతే. ఏళ్ల తరబడి తీసినవి వరుసగా పేర్చి చూస్తే, మచ్చలు సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతాయనీ, ప్రతిసారీ ఒకే తీరుగా ఉండవనీ తెలుస్తుంది. ఆనాటి గాజు పలకలపై ఉన్న చిత్రాలను ఇప్పుడు కంప్యూటర్లకు ఎక్కించి, నూరేళ్లలో సూర్యుని అయస్కాంత శక్తి ఎలా మారిందో లెక్క కడుతున్నారు. వానల ప్రశ్నకు సులువైన జవాబు దొరకలేదు. అయినా ఆ శ్రమ వృథా కాలేదు.

ఫోటోలు లేని కాలంలో యేసుసభ గురువు క్రిస్టొఫర్ షైనర్ 1611 నుంచి సూర్యుని మచ్చలను చేత్తో గీశారు. ఆయన తరువాత, 1645 నుంచి 1715 వరకు, మచ్చలు చాలా అరుదుగా కనిపించాయి. ఈ సంగతి మనకెలా తెలిసింది? ఏమీ కనబడని రోజున కూడా చూచి, మచ్చ లేదని రాసిపెట్టినవారు ఉన్నారు కనుక! చూడక విడిచిన రోజు లెక్కకు రాదు. చూచి, ఏమీ లేదని రాసిన రోజు సాక్ష్యమవుతుంది.

మన ప్రార్థన కూడా ఇటువంటిదే. తాగుడుకు బానిసైన కొడుకు కోసం ఏళ్ల తరబడి జపమాల చెప్పే తల్లులు మన విచారణలలో ఉన్నారు. దేవుడు వింటున్నాడా అని వారు అడుగుతారు. అమ్మా, కొడుకు రేపే మారతాడని నేను మాట ఇవ్వలేను. కాని జపమాల వదలకండి. ఏమీ జరగలేదనుకొన్న ఆ రాత్రులన్నీ తండ్రి ఎదుట లెక్కలో ఉన్నాయి.

ఈ వారం ప్రతి రాత్రి పడుకొనే ముందు రెండు నిమిషాలు ఆత్మపరిశోధన చేసుకోండి. ఒక్క రోజును చూచి మంచివాడిననో, పనికిరానివాడిననో తీర్పు చెప్పుకోకండి. పాపసంకీర్తనానికి వెళ్లేటప్పుడు ఆ రోజుల వరుసనంతా ప్రభువు ముందు పెట్టండి.

ఓ ప్రభువా, ఫలం కనబడని దినమున కూడా మీ ఎదుట నిలిచే ఓర్పును మాకు దయచేయండి. ఆమెన్.