ఆ కొడుకు ఎవరి కొడుకు?

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఒక శాసనం వుంది. అమ్మానాన్నల మాట వినని తిండిపోతు, తాగుబోతు కొడుకుని ఊరి గవిని దగ్గర పెద్దల ముందుకి లాక్కురావాలి. ఊళ్ళోని మగాళ్ళంతా రాళ్ళతో కొట్టి చంపాలి. మా పల్లె గుడిలో ఈ వాక్యం పిల్లల్ని భయపెట్టడానికే చదివేవాళ్ళు. పొద్దస్తమానం కామందు చేలో తిట్లు తినొచ్చిన నాయనకి, ఇంట్లో దేవుడి పేరు మీద కర్ర దొరికేది.

యూదు పండితులు దీన్ని ఎట్లా చదివారో డిగ్రీకొచ్చాకే తెలిసింది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, తర్వాతి తల్మూద్ ఈ శాసనాన్ని చెరిపెయ్యలేదు. దేవుడి మాటను ఎట్లా చెరుపుతారు? పదం పదం చుట్టూ కంచె కట్టారు. కొడుకన్నాడు గనక కూతురికి చెల్లదు. చిన్నపిల్లాడికీ, గడ్డమొచ్చినవాడికీ చెల్లదు. తండ్రి సొమ్ము దొంగిలించి బయట తినాలి. మాంసానికీ ద్రాక్షారసానికీ కొలతలున్నాయి. అమ్మా నాన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరి గొంతూ రూపూ ఎత్తూ ఒకటే కావాలన్నాడు రబ్బీ యూదా. ముందు ముగ్గురి ఎదుట కొరడా దెబ్బలు. మళ్ళీ తప్పుచేస్తేనే 23 మంది న్యాయాధిపతుల ముందు విచారణ. అట్లాంటి కొడుకు ఎన్నడూ లేడు, వుండబోడు అన్నారు కొందరు. రబ్బీ యోనాతాను మాత్రం, వాణ్ణి చూశాను, వాడి సమాధి మీద కూచున్నాను అన్నాడు.

ఆ మాటని తోసెయ్యలేం. ఎంత కంచె కట్టినా వాక్యం పుస్తకంలోనే వుంటుంది. మా పల్లెకొచ్చింది కంచె లేని వాక్యమే.

అట్లాగే మనుస్మృతికీ మంచి అర్థం చెప్పుకోవచ్చుగా, 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేద్కర్ దాన్నెందుకు తగలబెట్టించాడు అని అడిగే మిత్రులున్నారు. తేడా ఒక్కటే. రబ్బీలు విడదీసి చూసింది తమ కొడుకుల మీద పడే రాళ్ళని. అందుకే అంత తెలివి పుట్టింది. మనుస్మృతి శూద్రుడి నాలుక కొయ్యమంది, చండాలుణ్ణి ఊరి బయట వుంచమంది. దానికి వ్యాఖ్యానాలు రాసిన మేధాతిథి నాలుకా తెగేది కాదు, కుల్లూకుడి ఇల్లూ ఊరి బయట లేదు.

ఇది పాత పుస్తకాల గొడవే కాదు. నేను సర్కారు బడిలో పాఠం చెబుతాను. "కళ్ళొదిలేసి తోలు తియ్యండి సారూ" అని బిడ్డని అప్పజెప్పి కూలికి పోతారు మావాళ్ళు. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. అయినా బెత్తం కావాలని వాదించేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ పిల్లలు ఈ బడిలో చదవరు.

ఏ కఠిన వాక్యం ఎదురైనా దాని అర్థం తర్వాత అడుగుదాం. అర్థం చెప్పేవాడి బిడ్డ ఆ రాళ్ళకింద వున్నాడా లేడా, ముందది అడుగుదాం.