తీరని బాకీ: శేషాచలం చెట్లు, వాటి వేళ్లకు అంటిన బూజు, మా అక్క గొలుసు

 

పోయిన వీడియోలో అలిపిరి మెట్ల దారి గురించి చెప్తూ ఒక మాట అన్నాం, గుర్తుందా? "ఈ కొండ మీద చెట్లు ఏమీ ఆశించకుండా ఇస్తాయి, మనమూ అలా ఉండాలి" అని. ఆ స్క్రిప్ట్ రాసింది నేనే. మీలో చాలామందికి ఆ లైన్ నచ్చింది. రాసేటప్పుడు నాకూ నచ్చింది. కానీ అది నిజం కాదు. ఈ పోస్ట్ ఆ తప్పు దిద్దుకోవడానికే. అయితే దిద్దుకుందామని చదవడం మొదలుపెడితే, ఇంట్లో నేను చేసిన ఇంకో తప్పు కూడా కనబడింది. రెండూ చెప్తాను.

కొండలు ప్రయాణం చేశాయి

తిరుమల వెళ్లినప్పుడు శిలాతోరణం చూసే ఉంటారు. ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. అది ఏర్పడినప్పుడు భూమ్మీద చెట్టన్నదే లేదు. ఆ తర్వాత చాలా కాలానికి కూడా ఈ కొండలు ఇప్పుడున్న చోట లేవు. భూమధ్యరేఖకు కింద, దక్షిణార్ధగోళంలో ఉండేవి. ఆఫ్రికా, మడగాస్కర్, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా, మన దేశం అన్నీ ఒకే నేల. దాని పేరు గోండ్వానా. ఆ పేరు పెట్టింది కూడా మన గోండుల ప్రాంతాన్ని బట్టే.

తర్వాత ఆ నేల ముక్కలైంది. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్, మన దేశం విడిపోయాయి. మన ముక్క ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ, దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దుకుంది. హిమాలయాలు అలా లేచినవే. శేషాచలం రాళ్లు ఆ పడవలోనే వచ్చాయి.

ఆ పడవలో రాళ్లతో పాటు ప్రాణులూ వచ్చాయి. మన కొండల్లో తంబజాలారి అని ఒక చెట్టుంది. సైన్స్ పేరు షోరియా తుంబుగ్గాయా. శేషాచలం, కడప వైపు కొండలు, అంటే తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. గుగ్గిలం చెట్టుకు దగ్గరి చుట్టం. ఎర్రచందనం గురించి అందరికీ తెలుసు, దీని గురించి ఎవరికీ తెలీదు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న చెట్టు ఇది.

ఈ కుటుంబం చెట్ల లేత వేళ్ల కొనల మీద ఒక రకం శిలీంధ్రం, అంటే మన మాటలో బూజు, తొడుగులా అల్లుకుని ఉంటుంది. మడగాస్కర్‌లో మాత్రమే పెరిగే సార్కోలేనేసీ అనే చెట్ల కుటుంబం ఒకటుంది, అది వీటికి దాయాది. ఆ చెట్ల వేళ్లకూ ఇలాంటి శిలీంధ్రమే ఉందని 2004లో పరిశోధకులు చూపించారు. సముద్రానికి అటూ ఇటూ ఉన్న దాయాదుల ఇళ్లలో ఒకే అలవాటు ఉందంటే, అది ఇల్లు విడిపోకముందు నుంచీ ఉన్నదే అయ్యుండాలి. వాళ్ల అంచనా కూడా అదే: మడగాస్కర్, మన దేశం విడిపోకముందే ఆ చెట్ల పూర్వీకులకు ఈ శిలీంధ్రంతో పొత్తు కుదిరింది. అంటే 8.8 కోట్ల ఏళ్లకు పైబడిన స్నేహం.

చెట్టు ఇచ్చేది దానం కాదు

ఇంతకీ ఆ పొత్తు ఏంటి? రాతినేలలో భాస్వరం చెట్టుకు సులభంగా దొరకదు. శిలీంధ్రం పోగులు వేరు కంటే ఎన్నో రెట్లు సన్నం. వేరు దూరలేని సందుల్లోకి పోయి భాస్వరం, నత్రజని లాంటివి తెచ్చి ఇస్తాయి. బదులుగా చెట్టు ఎండలో వండుకున్న చక్కెరలో వాటా ఇస్తుంది.

ఇదేదో అడవి వింత కూడా కాదు. భూమ్మీద మొక్కల్లో నూటికి దాదాపు ఎనభై రకాలకు ఇలాంటి పొత్తు ఏదో ఒకటి ఉంటుంది. మన మామిడికీ, టమోటాకూ ఉండేది ఇంకో రకం, వేరు కణాల లోపలికే వెళ్తుంది. ఎరువుల అంగట్లో 'వ్యామ్' అని పౌడర్ అమ్ముతారే, అది ఇదే. స్కాట్లాండ్‌లో దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో కూడా ఈ రకం పొత్తు ఆనవాళ్లున్నాయి. ఇలాంటి మొక్కలు కొన్ని తాము చేసుకున్న చక్కెరలో ఐదో వంతు దాకా ఈ శిలీంధ్రాలకే పెడతాయి.

ఇక్కడే నా లైన్ తప్పైంది. 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఎక్కువ భాస్వరం తెచ్చిన శిలీంధ్రానికి మొక్క ఎక్కువ చక్కెర ఇచ్చింది. ఎక్కువ చక్కెర ఇచ్చిన వేరుకు శిలీంధ్రం ఎక్కువ భాస్వరం ఇచ్చింది. నేలలో భాస్వరం దండిగా ఉంటే చాలా మొక్కలు ఈ వాటా తగ్గించేస్తాయి. తల్లి చెట్టు పిల్ల చెట్లకు భూమి లోపల నుంచి ప్రేమగా అన్నం పెడుతుందని మనందరికీ ఫార్వర్డ్‌లు వస్తుంటాయి కదా, ఆ కథల్లో చాలా భాగానికి అడవుల్లో తగిన ఆధారం లేదని 2023లో కొందరు శాస్త్రవేత్తలే గట్టిగా రాశారు.

ఇది చదివినప్పుడు నిజంగా దిగులేసింది. అంతా వ్యాపారమేనా? నువ్విస్తే నేనిస్తా, అంతేనా?

మా అక్క గొలుసు

ఇప్పుడు రెండో తప్పు. నా ఇంజనీరింగ్ మూడో సంవత్సరం ఫీజుకు మా అక్క తన పెళ్లి గొలుసు కుదువ పెట్టింది. దాన్ని మళ్లీ విడిపించుకోలేకపోయింది. వాళ్లది మదనపల్లె దగ్గర పల్లె, టమోటా సేద్యం. ఒక ఏడాది ధర ఉంటే రెండేళ్లు ఉండదు.

ఈ మధ్య నేను కంపెనీ మారాను. పాత కంపెనీ నుంచి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ వచ్చింది. ఆ రోజే గొలుసు ఎన్ని గ్రాములో గుర్తు చేసుకుని, ఆనాటి బంగారం రేటుతో లెక్కేసి, దాని మీద కొంచెం కలిపి అక్కకు పంపేశాను. కింద మెసేజ్ పెట్టాను: "గొలుసు బాకీ క్లియర్ అక్కా." ఏళ్లుగా గుండె మీద ఉన్న బరువు దిగిపోయిందనుకున్నాను.

అక్క నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు నేనే ఫోన్ చేశాను.

"రేయ్, డబ్బులొద్దని నేను అనలా. ధర లేక ఈడ మాకు కావల్లనే ఉండాది. కానీ నువ్వు రాసిండే మాట చూసుకున్నావా? క్లియర్ అంటే ఏంది? ఇంగ నీకూ నాకూ ఏమీ లేదనా?"

నా దగ్గర జవాబు లేదు.

అప్పుల స్వామి

ఆ మాట బుర్రలో తిరుగుతుండగానే ఈ శిలీంధ్రాల గురించి చదివాను. అప్పుడు అర్థమైంది ఏంటంటే, నేను రెండు చోట్లా ఒకే తప్పు చేశాను. ఇవ్వడం అంటే అయితే నిస్వార్థ దానం, లేకపోతే వ్యాపారం, ఈ రెండే ఉన్నాయనుకున్నాను. చెట్టును మొదటి గదిలో పెట్టాను. అక్కను రెండో గదిలో పెట్టాను.

వ్యాపారంలో లెక్క తేలితే సంబంధం అయిపోతుంది. వేరుకూ శిలీంధ్రానికీ మధ్య లెక్క ఉంది, కానీ ఆఖరి రోజు లేదు. ఈ రోజు తీసుకున్నదానికి ఈ రోజు ఇస్తే రేపు మళ్లీ మొదలు. లెక్క ముగియకుండా ఉండటమే ఆ పొత్తు.

ఆలోచిస్తే మన పెద్దలు చెప్పింది కూడా ఇదే అనిపిస్తుంది. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు యజ్ఞం గురించి చెప్తూ, దేవతలను మీరు పోషించండి, వాళ్లు మిమ్మల్ని పోషిస్తారు, ఇలా ఒకరినొకరు పోషించుకుంటూ శ్రేయస్సు పొందండి అంటాడు. వాళ్లిచ్చింది తిని తిరిగి ఇవ్వనివాణ్ణి దొంగ అంటాడు. అలాంటి దొంగలు అడవిలోనూ ఉన్నాయి. ఆకుపచ్చదనం పూర్తిగా వదిలేసి, శిలీంధ్రం మీదే బతికే ఆర్కిడ్లు కొన్ని ఉన్నాయి.

ఇక మన స్వామి కథే చూడండి. పద్మావతి అమ్మవారితో పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. కలియుగం అయ్యేదాకా ఆ అప్పుకు వడ్డీ కడుతూనే ఉంటాడని స్థలపురాణం. ఆ ధనం కొలిచి కొలిచి అలిసిపోయిన అన్నగారు గోవిందరాజస్వామి కింద తిరుపతిలో కుంచం తల కింద పెట్టుకుని పడుకున్నాడని చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది. తమ్ముడి అప్పు లెక్క అన్న చూసుకుంటున్నాడు! మన కొండ మీద దేవుడే బాకీదారు. బాకీ ఉండటం సిగ్గు అయితే, ఈ కథను మనం ఇన్ని తరాలు ఇంత ముద్దుగా చెప్పుకునేవాళ్లం కాదేమో.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. "నీ కోసం ఇంత చేశాను" అని జీవితాంతం పీడించే బంధువులు కూడా ఉంటారు. తీరని బాకీ అంటే వాళ్లకు లొంగి ఉండమని కాదు. మొక్క కూడా అవసరాన్ని బట్టి వాటా తగ్గిస్తుంది, పెంచుతుంది. ఇంకోటి, చెట్టుకు ధర్మం తెలీదు. దానికి తెలిసింది బతకడం. చెట్టు చేసింది కాబట్టి మనమూ చేయాలి అంటే నా పాత లైన్ తప్పే మళ్లీ చేసినట్టు. చెట్టు నాకు జవాబు చెప్పలేదు. నేను అడుగుతున్న ప్రశ్న తప్పని మాత్రం చూపించింది. "బాకీ ఎప్పుడు తీరుతుంది" కాదు, "ఈ వారం నా వాటా ఏంటి" అని అడగాలి.

పోయిన నెల మదనపల్లె వెళ్లి అక్కనే అడిగాను, నేనేం చేయాలని. కాసేపు ఆలోచించి, "పాపకు లెక్కలు రావడంలే. ఆదివారం ఆదివారం ఫోన్లో చెప్పు" అంది. డబ్బు మాత్రం తిరిగివ్వలేదు, డ్రిప్ పైపులకు పెట్టేసింది. వచ్చేటప్పుడు నా బ్యాగులో ఒక సంచి టమోటాలు కుక్కింది. బస్సులో సగం నలిగిపోయాయి.

ఈసారి మెట్లెక్కేటప్పుడు చెట్ల మొదళ్లు చూడండి. తర్వాత ఒక్కసారి ఆలోచించండి: మీరు ఎవరి బాకీనైనా "క్లియర్" చేసేసి, ఆ మనిషిని పోగొట్టుకున్నారా? అయితే ఈ రోజే ఒక ఫోన్ చేయండి.

గోవిందా గోవింద.