అడవిదారిలో అంటిన మన్ను

మాఘ శుద్ధ పంచమిని వసంతపంచమి యందురు. ఋతుగణనలో అది ఇంకను శిశిరమే. అయినను వసంతుడు గడప దగ్గరకు వచ్చి నిలిచిన దినమది. ఆనాడు తమ శిశువులకు అక్షరాభ్యాసము చేయించుటకై తల్లిదండ్రులు గోదావరీతీరమందలి బాసరకు తరలివత్తురు. నేడు రైలు, బస్సు సౌకర్యములు కలవు. పూర్వము ఎడ్లబండియో, కాలినడకయో శరణ్యము. ఈ సీమలో నల్లరేగడి నేల మెండు. ఎండకు నెఱ్ఱెలు విచ్చు ఆ నేల, అకాలవర్షము కురిసినచో పాదమును పట్టి విడువదు. చెప్పులు విడిచి చేత బట్టిన వానికే నడక సాగును.

“శుచిగా స్నానమాడి బయలుదేరితిమి, ఈ బురదకాళ్లతో అమ్మ సన్నిధికి ఎట్లు పోవుదుము?” అని యాత్రికుడు దిగులు చెందవచ్చును. ఆ దిగులునకు స్థలపురాణమే సమాధానము చెప్పుచున్నది. కురుక్షేత్ర యుద్ధానంతరము వ్యాసమహర్షి మనశ్శాంతిని కోరి దండకారణ్యమునకు వచ్చి, ఈ తీరమున తపమాచరించెనట. ప్రతిదినము నదీస్నానము చేసి, మూడు పిడికిళ్ల ఇసుకను తెచ్చి మూడుచోట్ల ఉంచుచుండగా, అవి శారదా, లక్ష్మీ, కాళీ మూర్తులైనవని ప్రతీతి. వేదములను విభజించిన చేతులకును శాంతి లభించినది నదిలోని మన్నును భక్తితో మోయుట వలననే! అదియు ఒక్కనాట గాదు. దినమునకు పిడికెడు చొప్పున. విభూతియోగములో భగవానుడు తన విభూతిగా ఎంచిన మహనీయుని సాధన ఇట్టిది.

నూట యెనిమిది దివ్యదేశములలో ఒకటియైన బదరికి సమీపమున, మాణా గ్రామములోను వ్యాసగుహ యున్నది. వైశాఖమున ఆలయద్వారములు తెరచువేళకు అచ్చట మంచు కరగుచుండును; కొండదారులు బురదయగును. ఉత్తరమున మంచునీరు, ఇచ్చట వాననీరు. వ్యాసుని వాకిటికి పోవు బాటసారికి రెండుచోట్లను మన్ను అంటకమానదు.

అయితే అసలు పరీక్ష బురద కాదు. తండ్రి భుజముపై కూర్చున్న బిడ్డ అన్నియు చూచుచుండును. త్రోవలో ఒక వృద్ధురాలు జారిపడినది. ఒక బండి దిగబడినది. “ముహూర్తము మించిపోవును” అని తండ్రి ప్రక్కగా తప్పుకొనిపోయెనా, బిడ్డ నేర్చు తొలిపాఠము అదియే. ఆగి చేయూత నిచ్చెనా, పలక పట్టకమునుపే విద్యారంభమైనట్లు. బాసరలో అక్షరాభ్యాసము నిత్యము జరుగును. ముహూర్తము మరల దొరకును. పడినవారికి చేయి అందించు క్షణము మరల దొరకదు. భాగవత కైంకర్యము భగవత్కైంకర్యమునకు మిన్నయని పెద్దలు చెప్పుట ఇందుకే.

పాదముల మన్ను గోదావరిలో కడుగుకొన్నచో పోవును. బిడ్డ చూచినది మాత్రము పోదు. సరస్వతి సన్నిధిలో ఆ చిన్నివేలు దిద్దు అక్షరములకు అర్థము, తండ్రి ఆ త్రోవలో ఆగినచోటనే ఏర్పడును.