కర్త, కరణం, సొంత చేతి సైకిలు

ఒక పని జరిగినప్పుడు దానికి కర్త ఎవరు, సాధనం ఏది, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలి అన్న విచారణ భారతీయ దర్శనాలలో చాలా ప్రాచీనమైనది. సాధనాన్ని తయారుచేసినవాడే దానిని వాడేవాడు కూడా అయినప్పుడు ఆ విచారణ మరింత జటిలమవుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ తన చేతులతో నిర్మించుకొని, తానే తొక్కిన సైకిలు చరిత్ర ఈ చిక్కును అరుదైన స్పష్టతతో మన ముందుంచుతుంది.

సైకిలు క్రీడలో 'గంట రికార్డు' అంటే, వెలోడ్రోమ్‌లో, అనగా మలుపుల వద్ద ఏటవాలుగా కట్టిన వలయాకారపు బాటపై, ఒక గంట సేపు ఒంటరిగా తొక్కి సాగించగల దూరం. 1984లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో మోజర్ నెలకొల్పిన 51.151 కిలోమీటర్ల రికార్డును ఓబ్రీ 1993 జూలై 17న నార్వేలోని హామర్‌లో 51.596 కిలోమీటర్లతో అధిగమించారు. ఆయన సైకిలు రూపం ఆయన శరీరం నుంచే పుట్టింది. తొడలు రెండూ దగ్గరగా కదిలితే మేలని ఆయన భావించారు గనుక పెడళ్ల మధ్య ఎడం తగ్గింది. ఎడం తగ్గితే మోకాళ్లు తగులుతాయి గనుక సీటు నుంచి హ్యాండిల్ వైపు పోయే పై గొట్టం తొలగిపోయింది. గాలి నిరోధం తగ్గాలి గనుక హ్యాండిల్ రొమ్ము కిందికి జరిగి, చేతులు పక్కలకు ముడుచుకొన్నాయి. పెడళ్ల ఇరుసుకు వాడిన బేరింగులు బట్టలుతికే యంత్రంలోనివి. ముందునాడు ఈ సైకిలును పోలి వేరొకరు తయారుచేసిన మరొకదానిపై ప్రయత్నించి విఫలమైన ఆయన, మరునాడు సొంత సైకిలుతో సఫలమయ్యారు. దీనినిబట్టి సొంత చేతి పనికి ఏదో మహిమ ఉందని తేల్చడం తొందరపాటు. కాని ఒక సైకిలుపై మలచుకొన్న శరీరానికి మరొక సైకిలు పూర్తిగా తనది కాలేదన్న మాట మాత్రం కొట్టివేయదగినది కాదు.

అంతర్జాతీయ సైకిలు క్రీడా సంఘమైన యూసీఐ 1994లో ఆ భంగిమను నిషేధించగా, అదే ఏడాది పలెర్మోలో జరిగిన ప్రపంచ పోటీలలో ఓబ్రీ అనర్హుడయ్యారు. 1996లో ఆ సంఘం స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఆమోదించిన ప్రకటన, యంత్రం కంటే మనిషికే ప్రాధాన్యం ఉండాలని చాటింది. ఉద్దేశం గౌరవింపదగినదే, డబ్బున్న జట్టు కొనుక్కొన్న పరికరం గెలుపును నిర్ణయించడం న్యాయం కాదు. అయితే పోటీలో వాడే పరికరం అందరికీ విక్రయించే రకానిదై ఉండాలని కూడా ఆ సంఘం నియమావళి విధిస్తుంది. అంగడిలో దొరికే ఖరీదైన సైకిలు సమానత్వానికి అనుకూలమనీ, ఇంట్లో చేసుకొన్నది ప్రతికూలమనీ భావించడంలో న్యాయం తలకిందులైందని చెప్పక తప్పదు.

ఈ నియమాల వెనుక ఒక తాత్త్విక ఊహ ఉంది: కర్త ముందే సంపూర్ణంగా ఉంటాడు, సాధనం తరువాత బయటి నుంచి వచ్చి చేరుతుంది, కాబట్టి సాధనాన్ని తీసివేస్తే శుద్ధమైన మానవశక్తి మిగులుతుంది. భగవద్గీత 18వ అధ్యాయం ఇందుకు భిన్నమైన విశ్లేషణ చేస్తుంది. ఏ కర్మకైనా అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అనే ఐదు హేతువులున్నాయని, వాటిని విస్మరించి కేవలం తననే కర్తగా చూసుకొనేవాడు సరిగా చూడడం లేదని అది చెబుతుంది. అధిష్ఠానమంటే కర్మకు ఆశ్రయమైన శరీరమనీ, కరణాలంటే ఇంద్రియాలు మొదలైనవనీ శంకరులు వ్యాఖ్యానించారు. చేష్ట అంటే ప్రయత్నరూపమైన వివిధ వ్యాపారం, దైవమంటే మనిషి అదుపునకు వెలుపలి శక్తి అని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఇంద్రియాలకు చెప్పిన మాటను ఇనుప గొట్టాలకు విస్తరించడం వ్యాఖ్యాతల పరిధిని దాటడమే అయినా, అది అసంగతం కాదు. ఎందుకంటే ఓబ్రీ విషయంలో శరీరం సైకిలుకు కొలతనిచ్చింది, సైకిలు శరీరానికి భంగిమనిచ్చింది. ఈ పరస్పరతలో ఒకదానిని తొలగించి రెండవదానిని యథాతథంగా నిలిపే ఉపాయం లేదు.

ఇదే విశ్లేషణ సొంతంగా నిర్మించుకొన్నవాని అభిమానాన్ని కూడా పరీక్షకు నిలబెడుతుంది. 'నేనే చేశాను' అనే మాట ఆ సైకిలు విషయంలో ఎంతవరకు నిజం? బేరింగులను మరెవరో వేరొక పని కోసం తయారుచేశారు. గొట్టాలను, చైనును, టైర్లను పేరు తెలియని కార్మికులు చేశారు. రికార్డు నెలకొన్న ఆ బాటను మరెవరో పరిచారు. నిర్మాత చేసినది వాటిని ఎంచి, కోసి, తన శరీరానికి తగినట్లు కూర్చడం. దానిని తక్కువగా చూడనక్కరలేదు. అయితే దానికి మించి కర్తృత్వం కోరితే, మనిషిని యంత్రం నుంచి విడదీయబోయిన నియమకర్తల పొరపాటే ఇక్కడ మరో రూపంలో జరుగుతుంది. ఫలం కూడా కర్త చేతిలో నిలిచేది కాదు: హామర్ రికార్డుకు వారం తిరగకముందే, జూలై 23న, బోర్డోలో మరో సైక్లిస్టు క్రిస్ బోర్డ్‌మన్ 52.270 కిలోమీటర్లు తొక్కి దానిని దాటారు. 1994 ఏప్రిల్‌లో ఓబ్రీ 52.713 కిలోమీటర్లతో రికార్డును తిరిగి సాధించారు. ఆ తరువాతి నెలలోనే ఆయన భంగిమపై నిషేధం వచ్చింది.