నీళ్లు తోడినవారికి తెలిసెను

వాక్యభాగము: యోహాను సువార్త 2:1–11



గత క్రిస్మసు పండుగకు మా సంఘస్థుడైన ఒక యౌవనుడు ఓడ పనినుండి సెలవుమీద ఇంటికి వచ్చెను. ఇతని తండ్రి తాతలు కృష్ణపట్నమునకు ఉత్తరముగా నున్న పల్లెలో వలలు లాగినవారు. ఇతడు మాత్రము ప్రయాణికుల ఓడలో భోజనశాలయందు వడ్డించు పని చేయుచున్నాడు. పండుగ మరునాటి సాయంకాలము మా అరుగుమీద కూర్చుండి, తాను చూచిన దేశముల సంగతులు చెప్పుచు, నడుమ ఒక మాట అనెను. ఆ మాటనుబట్టియే ఈ నెల ఈ వాక్యభాగమును తీసికొంటిని.

ఓడలో కొందరు పెద్దమనుష్యులు ఒక రాత్రి పోర్టు వైను రుచి చూచుటకై కూడుకొనిరట. పోర్టు అనగానే మన పల్లెవారికి 2008లో తెరువబడిన కృష్ణపట్నము పోర్టు జ్ఞాపకము వచ్చును. అది తప్పు కాదు. పోర్చుగల్ దేశములో డౌరో అను నది సముద్రములో కలియు చోట పోర్టో అను పట్టణము కలదు. ఆ పేరునకు అర్థము రేవు అనియే. ఆ రేవునుండి ఓడలకెక్కి పరదేశములకు పోయినది గనుక ఆ ద్రాక్షారసమునకు ఆ పేరు వచ్చెను. మన అంగళ్లలో ఇదే పేరుతో అమ్మెడి చవుక సీసాలకు ఆ నదితో ఏ చుట్టరికమును లేదు. పేరు మాత్రము అరువు తెచ్చుకొన్నవి.

అసలైనదాని సంగతి వేరు. అక్కడివారు కొండవాలులను మెట్లుమెట్లుగా చెక్కి, రాతిగోడలు కట్టి, తోటలు వేసిరి. 1756వ సంవత్సరమందే ఆ దేశపు ప్రభుత్వము ఆ తోటల సీమకు హద్దులు నిర్ణయించెను. పండ్లను రాతి తొట్లలో పోసి కాళ్లతో త్రొక్కుట కొన్ని తోటలలో నేటికిని కలదు. రసము సగము పులియగానే, ద్రాక్షనుండియే తీసిన సారాను అందులో కలుపుదురు. దానితో పులియుట నిలిచిపోవును, తీపి మిగిలిపోవును, మత్తు హెచ్చును. పంట మిక్కిలి బాగుగా వచ్చిన యేట మాత్రమే, అనగా పదియేండ్లలో ఇంచుమించు మూడుసార్లు, ఆ యేటి పేరు పెట్టి సీసాలకెత్తుదురు. అట్టి సీసా 20 ఏండ్లు, 40 ఏండ్లు, ఒక్కొకప్పుడు 60 ఏండ్లు చీకటి గదిలో పడుకొని యుండును.

ఆ రాత్రి బల్లమీదికి వచ్చినవి మూడు: 1963వ యేటిది, 1970వ యేటిది, 1977వ యేటిది. వాటిని సిద్ధపరచు పని మనవానిది. ముందటి దినముననే సీసాలను నిలువబెట్టవలెను, మడ్డి అడుగునకు దిగవలెను. తరువాత సీసా మెడ క్రింద క్రొవ్వొత్తి వెలిగించుకొని, చేయి వణకకుండ గాజు కూజాలోనికి వంచవలెను. మడ్డి మెడదాక వచ్చుట ఆ వెలుగులో కనబడగానే ఆపివేయవలెను. ఇతడట్లు చేసి, కూజాలకు ఒకటి, రెండు, మూడు అని చీటీలంటించెను. ఏది ఏ యేటిదో తెలియకుండ రుచి చూచి చెప్పుటయే వారి పందెము.

వారు గాజు గ్లాసులను దీపమునకెత్తి రంగు చూచిరి. గిరగిర త్రిప్పి వాసన చూచిరి. ఒక గుక్క తీసికొని నోట పుక్కిలించి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేసి, పుస్తకములలో ఏదో వ్రాసికొనిరి. ఈ మాట విని అరుగుమీదనున్న ఒక అవ్వ, "అంత రొక్కం పోసి కొన్నది ఉమ్మెయ్యడానికా నాయనా!" అని బుగ్గలు నొక్కుకొనెను. మేమందరము నవ్వితిమి. పిమ్మట వారిలో మిక్కిలి అనుభవశాలియైన పెద్దాయన, మూడవ కూజాలోనిదే 1963వ యేటిది, సందేహము లేదు, అని తేల్చిచెప్పెనట. అది 1977వ యేటిది. మనవాడు గోడకానుకొని ఊరకుండెను.

"నువ్వు చెప్పకపోతివా అబ్బాయీ?" అని నేనడిగితిని.

"నన్నెవరూ అడగలేదయ్యగారూ. నేనొక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. అయినా ఏది ఏ సీసాలోదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు" అనెను.

ప్రియులారా, ఆ మాటతో నా మనస్సు కానా ఊరి పెండ్లిపందిటికి పోయెను. అచ్చటను రుచి చూచువాడొకడుండెను. ఆయన విందుప్రధాని. ఆయన తీర్పును మనము తక్కువ చేయరాదు. ఇది మంచిదని ఆయన చెప్పెను, అది మంచిదే. నాలుక తప్పలేదు. అయితే అది ఎక్కడనుండి వచ్చెనో ఆయన ఎరుగడని యోహాను వ్రాసి, వెంటనే, ఆ నీళ్లు ముంచిన పరిచారకులకు అది తెలిసియుండెనని కలుపుచున్నాడు. ఈ చిన్నమాటను మనము త్వరగా దాటిపోవుదుము. నీళ్లు రసమైన అద్భుతమును గూర్చి అనేక ప్రసంగములు వింటిమి గాని, ఆ నీళ్లు మోసినవారిని గూర్చి ఎన్ని వింటిమి?

ఒక్కొక్కటి రెండేసి మూడేసి తూములు పట్టు రాతిబానలు ఆరు. నేటి లెక్కకు ఒక్కొక బాన 80 మొదలు 115 లీటర్లవరకు పట్టునని పండితులు చెప్పుదురు. మన ఇంటి బిందె 15 లీటర్లదనుకొంటే, ఆరు బానలు నింపుటకు 32 మొదలు 46 బిందెలు కావలెను. సముద్రపు ఒడ్డున ఇసుకలో చెలమ త్రవ్వి, ఉప్పు తగులని నీరు ఊరువరకు కనిపెట్టి, ముంతతో ముంచి బిందె నింపుకొన్న మన తల్లులకు ఈ లెక్క ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. నడుము చెప్పును. అయినను ఆ పరిచారకులు సగముతో సరిపుచ్చలేదు, అంచులమట్టుకు నింపిరి. పైగా, అతిథుల కాళ్లు చేతులు కడుగుటకుంచిన బానలలోని నీళ్లను ముంచి విందుప్రధాని ఎదుట పెట్టవలెనని సెలవైనది. ఆ నడుమనున్న నాలుగడుగులు వారు ఎట్లు నడచిరో నేనెప్పుడును తలపోయుచుందును. వారిని రుచి చూడుమని ఎవరైన అనిరా? గ్రంథములో అట్లు లేదు. పేర్లును లేవు. ప్రభువు మహిమ మొదట ఎవరి చేతులలో బరువై నిలిచెనో వారి పేర్లు లేవు!

రుచి ఎరుగుటయే పాపమని నేను చెప్పుట లేదు. పరిశుద్ధ గ్రంథము రుచులెరిగిన గ్రంథము. యెషయా 25వ అధ్యాయములో సకల జనములకు దేవుడు చేయు విందులో మడ్డిమీద నిలిచి తేటయైన పాత రసమున్నది. లూకా 5వ అధ్యాయములో, పాతదానికి అలవాటుపడిన నోరు క్రొత్తదానిని ఒల్లదని ప్రభువే చెప్పెను. ఇక యిర్మీయా 48వ అధ్యాయము చూడుడి. మోయాబు చిన్ననాటినుండి కదలక మెదలక తన మడ్డిమీదనే కూర్చుండెను, ఒక పాత్రలోనుండి మరియొక పాత్రలోనికి పోయబడలేదు, కాబట్టి దాని పాత వాసన దానిని విడువలేదని ప్రవక్త చెప్పుచున్నాడు. ఓడలో మనవాడు క్రొవ్వొత్తి వెలుగున చేసిన పని యిర్మీయా ఎరుగని పని కాదు.

అయితే మనలోను యేండ్లు చెప్పి పందెము వేయువారున్నారు. సీసాల యేండ్లు కావు, వంశముల యేండ్లు. "మేము 1840లో డే దొరగారు నెల్లూరు వచ్చిన నాటి కుటుంబము" అని ఒకరు. "మా ముత్తాత 1878 జులై 3న క్లౌ దొరగారి కాలములో ఒక్క దినమున బాప్తిస్మము పొందిన 2,222 మందిలో ఒకడు" అని మరియొకరు. నిన్న మొన్న వచ్చినవారు వెనుక చాపమీద కూర్చుందురు. ఈ మాట కొందరికి కోపము తెప్పించునని ఎరుగుదును. తెప్పించనిండు.

నీళ్లు తోడినవారికే మూలము తెలియుట మన జిల్లాయందును జరిగినది. 1990 తరువాత మన జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచెను. రాత్రిబడిలో ఆడవారు చదువుకొన్న పాఠములలో, త్రాగుబోతు భర్త చేతిలో అగచాట్లుపడిన సీతమ్మ కథ ఒకటి. చదువుచుండగనే, ఇది మన ఇంటి కథయే గదా, అని వారు గుర్తించిరి. జిల్లా మెట్ట ప్రాంతమున కలిగిరి దాపునున్న దూబగుంట స్త్రీలు ఏకమై తమ ఊరి సారా అంగడిని మూయించిరి. వారిలో రోశమ్మగారి పేరు దేశమంతట తెలిసినది. 1992లో ఆ నిప్పు పల్లెపల్లెకు ప్రాకెను. సారా పాటలు జరుగనీయకుండ వేలకొలది స్త్రీలు కచ్చేరీల యెదుట కూర్చుండిరి. 1993 ఏప్రిలులో మన జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయెననుట వేరు సంగతి. దానిని తలంచుకొన్నప్పుడు నాకు దుఃఖమే కలుగును.

ఇక్కడ మనము చూడవలసినది ఒకటి. ఆ దినములలో మగవారు చెట్టు క్రింద చేరి, ఏ అంగడి ప్యాకెట్టు ఘాటు, ఏది నీళ్లు కలిపినది అని పోల్చి చెప్పుకొనెడివారు. పోర్టు త్రాగు పెద్దమనుష్యులవలెనే వీరికిని నాలుక పరీక్ష తెలియును. ఆ స్త్రీలలో అనేకులు ఒక చుక్కయైనను ముట్టినవారు కారు. అయితే అది ఎక్కడనుండి వచ్చునో వారెరుగుదురు. కూలి డబ్బులోనుండి వచ్చును. బిడ్డల గంజిలోనుండి వచ్చును. మెడలోని పుస్తెలోనుండి వచ్చును. కానాలో పరిచారకులు ఎరిగినది ప్రభువు మహిమ, ఇక్కడ వీరెరిగినది కన్నీరు. ఈ రెంటిని ఒకటిగా కలుపరాదు. కాని రెండు చోట్లను, గ్లాసెత్తి మెచ్చుకొన్నవానికి తెలియనిది మోసినవారికి తెలిసెను.

ఇప్పుడు నా తప్పు నేను చెప్పుకొందును. ఈ సంఘమునకు వచ్చిన తొలి సంవత్సరములలో నేను ప్రభువు బల్లకు అంగడి పోర్టు వైను వాడుచుంటిని. వాక్యములో ద్రాక్షారసమని యున్నది గనుక ద్రాక్షారసమే కావలెనని వాదించితిని. అంతటితో ఆగక, ఒక శనివారము సాయంకాలము ఇద్దరు పెద్దలతో కూడ గుడి వెనుక గదిలో కూర్చుండి, మూడు రకముల సీసాలు తెప్పించి, చెంచాలతో రుచి చూచి, ఏది చిక్కన, ఏది తీపి, ఏది బల్లకు తగినది అని గంటసేపు తర్కించితిమి. రెండవది శ్రేష్ఠమని తేల్చితిమి. ఆ దినమున నేను కడు తృప్తితో ఇంటికి పోతిని.

మూడు నెలలైన తరువాత, బల్ల గిన్నెలు కడుగు సహోదరి నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఒక గిన్నె నిండుగానే తిరిగి వస్తా ఉంది. మూడు నెలల్నుంచీ అంతే. ఎవరిదో నాకు తెలుసు. మీరు ఒకసారి పోయి కనుక్కుంటే బాగుంటది" అనెను.

పోతిని. అతడు పదునాలుగు సంవత్సరములు సారాలో మునిగి, భార్య ప్రార్థనలవలన బయటపడినవాడు. వాకిట వల బాగుచేసికొనుచుండెను. నా ముఖము చూడకయే ఇట్లనెను: "ప్రభువు బల్ల వద్దని కాదయ్యగారూ. రొట్టె తీసుకుంటా ఉండాను. ఆ గిన్నె ముక్కు దగ్గిరికి వస్తే, ఆ రాత్రి నా కాళ్లు నా మాట వినవు." అతని భార్య తడిక వెనుక నిలువబడి యుండెను. ఆమె ఏమియు పలుకలేదు.

మూడు సీసాలలో ఏది మంచిదో నాకు తెలిసెను. ఎవని ఎదుట దానిని పెట్టుచున్నానో తెలియలేదు. సహోదరుడు తొట్రిల్లుటకు కారణమైనయెడల మాంసము మానుట, ద్రాక్షారసము మానుట మేలని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయమును అనేక పర్యాయములు చదివి వినిపించిన నోరే నాది.

తరువాతి నెలనుండి వాడుక మార్చితిమి. ఇది క్రొత్త సంగతి కాదు. అమెరికా దేశములో వైన్‌ల్యాండ్ అను ఊరిలో థామస్ వెల్చ్ అను దంతవైద్యుడుండెను. ఆయన తన మెథడిస్టు సంఘములో ప్రభువు బల్లను సిద్ధపరచు పరిచారకుడు. 1869లో ఆయన ద్రాక్షపండ్ల రసమును సీసాలలో పోసి, వేడినీటిలో కాచి, పులియకుండ నిలువచేయు పద్ధతి కనుగొనెను. లోకమంతట అనేక సంఘములు పులియని రసము వాడుటకు అది దారియైనది. మనకంత యంత్రాంగము అక్కరలేదు. శనివారము మధ్యాహ్నము ఎండుద్రాక్ష కడిగి నానవేసి, రాత్రి ఒక పొంగు రానిచ్చి, చల్లారిన పిమ్మట పిసికి, తెల్లని గుడ్డతో వడకట్టవలెను. గిన్నెలు కడుగు ఆ సహోదరియే ఈ పని తనమీద వేసికొనెను. రంగు పలుచన, తీపి కొంచెము తక్కువ. ఒక పెద్దాయన ఇప్పటికిని రుచి చాలదనుచుందురు. నిజమే, చాలదు.

ఇక ఆ ఓడ యౌవనుని సంగతి. ఆ సాయంకాలము పోవుచు అతడు సంచిలోనుండి గుడ్డ చుట్టిన సీసా ఒకటి తీసి నా చేతికిచ్చెను. ఆ పోర్టో పట్టణమునందే తన జీతపు డబ్బుతో కొన్నదట. "బల్లకు వాడండయ్యగారూ, దీనికన్నా మంచిది దొరకదు" అనెను. నేను సీసాను అరుగుమీద పెట్టి, పైన వ్రాసినదంతయు అతనికి చెప్పితిని. అతడు తల వంచుకొని విని, కొంతసేపటికి, "ఆ నిండు గిన్నె ఎవరిదో నాకు చెప్పొద్దులెండి" అని, సీసాను మరల గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొని పోయెను.

జనవరి మొదటి శనివారము నేను గుడికి పోవునప్పటికి ఎండుద్రాక్ష కడుగుటకు నీళ్లు చాలలేదని ఆ సహోదరి వాకిట నిలిచియుండెను. ఆ అబ్బాయి చొక్కా చేతులు మడుచుకొని, "ఏ బిందె తీసుకుపొమ్మంటావక్కా?" అని ఆమెను అడుగుచుండెను.